పెట్టె మీద పడ్డ సుంకం, పెట్టె లోపలి కూలి

2025 నవంబరులో ఉదయగిరి వైపు నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. నా జవాబూ ఆ నెలలోదే. ఇందులోని సుంకాలు, నియమాలు, కోర్టు సంగతులు అన్నీ అప్పటివి. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. వయసు 41. భర్త ప్రభుత్వ బడిలో టీచరు. ఆరేళ్ల కిందట పుట్టింటివాళ్ల పాత మిద్దెలో చిన్న యూనిట్ పెట్టారు. అక్కడ తయారయ్యేవి రెండే రకాలు. ఒకటి పడవ కిట్. ప్లైవుడ్‌ను లేజర్ మెషిన్‌తో 64 ముక్కలుగా కోసి, తాడు, తెరచాప గుడ్డ, జిగురు, ఏ ముక్క ఎక్కడ అతకాలో చూపించే కాగితం కలిపి డబ్బాలో పెడతారు. కొన్నవాళ్లు ఆదివారం తీరిగ్గా కూర్చుని పడవ కట్టుకుంటారు. రెండోది గరిటె కిట్. ఉదయగిరి పనివాళ్లు సగం దాకా చెక్కి వదిలిన గరిటె, మూడు రకాల గరుకు కాగితాలు, చిన్న సీసాలో నూనె ఇస్తారు. కత్తిని బయ్యరు తన దేశంలోనే కలుపుకుంటాడు. మిగతా సగం చెక్కుకోవడమే కొన్నవాళ్ల సరదా.

ముక్కలు ఏరి, లెక్కపెట్టి, కవర్లలో వేసి, డబ్బా మూసేది ఎనిమిది మంది ఆడవాళ్లు. గరిటెలు చెక్కేది ముగ్గురు. వాళ్లు ఇళ్ల దగ్గరే చేస్తారు, గరిటెకింత అని లెక్క. సరుకులో ముప్పాతిక వంతు ఒకే ఒక్క అమెరికా బయ్యరుకు వెళ్తుంది. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడి స్నేహితుడి ద్వారా కుదిరిన మనిషి. ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసే సుంకం 50 శాతానికి చేరాక ఆ బయ్యరు మెయిల్ పెట్టాడు. "సుంకంలో సగం మీరు భరించాలి, డబ్బాకు 2 డాలర్లు తగ్గించండి. లేకపోతే వియత్నాంలో ఒక ఫ్యాక్టరీ చూసుకున్నాను. డిసెంబరు 10 లోపల చెప్పండి" అని.

ఇంట్లో తలా ఒక మాట. తమ్ముడేమో, "వియత్నాంలోనే చేయించుకోనీ అక్కా. డిజైన్ నీది కాబట్టి డబ్బాకు ఒక డాలరు పుచ్చుకో. పదకొండు మంది బరువు నీకెందుకు?" అంటున్నాడు. ఆడపడుచు భర్త దుబాయిలో ఉంటారు. ఆయనేమో, "డబ్బాలు నాకు పంపమ్మా, ఇక్కడ అట్టపెట్టె మార్చి ఇక్కడి సరుకని అమెరికాకు పంపుతా. ఈ దేశానికి 10 శాతమే" అంటున్నారు. భర్త మాట ఒకటే: "ముందు బ్యాంకు సంగతి చూడు." మెషిన్ కోసం తెచ్చిన 7 లక్షల అప్పులో ఇంకా 4 లక్షల 30 వేలు ఉంది.

పనివాళ్లకు ఇదేమీ తెలియదు. ఉత్తరం చివర్లో ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "దీపావళికి బోనస్ ఇవ్వలేక చీరలు పెట్టాను. నవ్వుతూ తీసుకున్నారు. వాళ్లలో ఒకామె భర్త పోయి రెండేళ్లయింది, కూతుర్ని ఈ ఏడే నెల్లూరు కాలేజీలో చేర్చింది. నా ధైర్యం చూసుకునే చేర్చానని అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కూలి తగ్గించి ఆర్డరు నిలబెట్టుకోవాలా, ఆర్డరు వదులుకుని వాళ్లను ఇళ్లకు పంపాలా? ఏది చేస్తే పాపం తక్కువ?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని, మీరు విడివిడిగా ఇచ్చిన అంకెలు ఒకచోట చేర్చాను. నేను ఒంగోలులో ఒక ఎగుమతి సంస్థలో పద్దెనిమిదేళ్లు లెక్కలు రాశాను. భయం వేసినప్పుడు ముందు అంకెలు వేసుకోవడం అక్కడ అలవాటైంది.

పడవ కిట్ మీరు అమ్మేది 8 డాలర్లకు. మన డబ్బులో సుమారు 700 రూపాయలు. అందులో ప్లైవుడ్డు, లేజర్ కోత కలిపి 260. డబ్బా, అచ్చు ఖర్చు 120. చెన్నై దాకా రవాణా, కాగితాల పని 60. అద్దె, కరెంటు, వడ్డీ 70. మీకు మిగిలేది 100. ఆ ఎనిమిది మంది ఆడవాళ్ల కూలి డబ్బాకు 90 రూపాయలు.

బయ్యరు తగ్గించమంటున్న 2 డాలర్లు ఎంత? 175 రూపాయలు. రేపటి నుంచి ఆ ఎనిమిది మందీ ఒక్క రూపాయి తీసుకోకుండా పనిచేసినా ఆ లోటు సగం కొద్దిగా దాటి పూడుతుందంతే. కూలిలో పావు వంతు కోశారనుకోండి, వచ్చేది 22 రూపాయలు. వాళ్ల ఇళ్లలో ఆ పావు వంతు పొయ్యి మీదికి వచ్చే కూర. బయ్యరు లెక్కలో అది పావు డాలరు. అందుకే చెబుతున్నాను, మీరు అడిగిన ప్రశ్నలో మొదటి సగం తీసేయండి. కూలి తగ్గిస్తే ఆర్డరు నిలబడదు. పాపం సంగతి తర్వాత, ముందు లెక్కే ఒప్పుకోదు.

పని ఎప్పుడూ కూలి తక్కువ ఉన్నచోటికే పోతుందని మనందరికీ ఒక నమ్మకం. బట్టలు కుట్టే పనిలో అది చాలావరకు నిజం. మీ పనిలో కాదు. కుట్టిన చొక్కాలో మనిషి చెయ్యి మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. కిట్‌లో అన్నిటికన్నా పెద్ద పని, ముక్కలన్నీ కూర్చే పని, కొన్నవాడే డబ్బిచ్చి మరీ చేసుకుంటాడు. మనకు మిగిలేది కొయ్యడం, లెక్కపెట్టడం, సర్దడం. కోత మెషిన్‌ది. అందుకే ఈ వ్యాపారంలో పెద్దవాళ్లు ఎక్కడెక్కడ తయారు చేస్తారో చూస్తే కూలి ఒక్కటే కారణంగా కనబడదు. రోబో బొమ్మల గన్‌ప్లా కిట్లను బందాయ్ సంస్థ ఈనాటికీ జపాన్‌లోని షిజువోకాలో చేస్తోంది. అక్కడి కూలీతో మన కూలీకి పోలికే లేదు. కానీ అచ్చులు, రంగురంగుల ప్లాస్టిక్‌ను ఒకేసారి పోసే యంత్రాలు, వాటిని నడిపే నేర్పు అక్కడున్నాయి. లెగో వాళ్లకు డెన్మార్క్, హంగరీ, చెక్, మెక్సికో, చైనాల్లో ఫ్యాక్టరీలున్నాయి. 2025 ఏప్రిల్‌లో వియత్నాంలో ఒకటి తెరిచారు, అమెరికాలోని వర్జీనియాలో ఇంకొకటి కడుతున్నారు. ఏ ఖండంలో కొనేవాళ్లకు ఆ ఖండంలోనే చెయ్యాలన్నది వాళ్ల పద్ధతి. బ్రిటన్ పిల్లలు తరతరాలుగా అతికించుకున్న ఎయిర్‌ఫిక్స్ విమానాల కిట్లు కొన్నేళ్లు మన దేశంలో తయారయ్యాయి, తర్వాత కొంత పని మళ్లీ బ్రిటన్‌కే పోయింది. కూలి చూసి వచ్చిన పని వేరే కారణం చూసుకుని వెళ్లిపోతుంది.

ఇప్పుడు మీ బయ్యరును కదిలిస్తున్న కారణం సుంకం. అది వాడి పుస్తకంలో ఎలా కనబడుతుందో చూడండి. నిరుడు ఈ రోజుల్లో పడవ కిట్ వాడికి 8 డాలర్లకే దిగేది, ఎందుకంటే బొమ్మలు, మోడళ్ల కిట్లకు అమెరికాలో మామూలు సుంకం సున్నా. ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని 27 నుంచి ఇంకో 25. ఇప్పుడు అదే డబ్బా వాడికి 12 డాలర్లకు దిగుతోంది. వియత్నాం మీద వేసింది 20 శాతం. అంటే అక్కడి ఫ్యాక్టరీ మీకన్నా 2 డాలర్లు ఎక్కువ అడిగినా, 10 డాలర్ల మీద 20 శాతం కలిపితే అదీ 12 డాలర్లే. మీరు 8కి, వాళ్లు 10కి చేసి సరిసమానం అవుతున్నారు. వియత్నాంలో కూలి మనకన్నా తక్కువేమీ కాదు, ఎక్కువే. చైనాలో ఇంకా ఎక్కువ. ఏప్రిల్‌లో 145 శాతం దాకా ఎక్కిన చైనా సుంకం దిగుతూ వచ్చి, నవంబరు 10 నుంచి బొమ్మల లాంటి సరుకు మీద 20 దగ్గర ఆగింది. ఏ దేశం చౌకగా చేస్తుందన్నదాన్ని వాషింగ్టన్‌లో ఒక సంతకం ఒక్క రాత్రిలో తిరగేసింది. ఇందులో మీ చేతకానితనం ఎక్కడా లేదు. ఉత్తరంలో మూడు చోట్ల మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

మన జిల్లాల వాళ్లకు ఈ సంగతి రొయ్యలు నేర్పాయి. కోట నుంచి సింగరాయకొండ దాకా చెరువుల మీద బతికే వాళ్లందరూ ఆగస్టులో రొయ్య ధర పడిపోవడం చూశారు. మన రొయ్యకు పాత సుంకాలు కూడా కలిసి 58 శాతం పైన పడుతుంటే ఈక్వడార్ రొయ్య మీద కొత్తగా వేసింది 15. మన రైతు రొయ్య పెంచే తీరులో ఆ నెలలో మార్పేమీ రాలేదు.

వాడు తగ్గించమన్న ఆ 2 డాలర్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ కిట్‌ను వాడు అక్కడ 32 డాలర్లకు అమ్ముతున్నాడని మీరే రాశారు. సుంకం పడేది ఆ 32 మీద కాదు, మీ ఇన్వాయిస్‌లో ఉన్న 8 మీద. భారం 4 డాలర్లు. వాడు ధర 32 నుంచి 35 చేస్తే ముప్పాతిక భారం కొన్నవాళ్ల మీదికి వెళ్తుంది. ఆదివారం సరదాకు పడవ కట్టుకునే మనిషి 3 డాలర్ల కోసం మానుకుంటాడా? కొందరు మానుకోవచ్చు, వాడి బాధా అబద్ధం కాదు. కానీ "సగం మీరు" అన్న మాట వాడు మొదట అడిగిన బేరం. దాన్ని తీర్పులా తీసుకోకండి.

మీరు కొంత తగ్గించడానికి ఒప్పుకుంటే ఏమవుతుంది? డబ్బాకు అర డాలరు, అంటే 44 రూపాయలు మీ లాభంలోంచి ఇవ్వగలరు. ముప్పావు డాలరుకు ఒప్పుకుంటే మీకు 35 రూపాయలు కూడా మిగలవు. వాయిదా కట్టాక చేతిలో ఏమీ ఉండదు. నేను చూసినంతలో, గడువు రాయకుండా ఇచ్చిన తగ్గింపు తిరిగి రాదు. మా సంస్థలో ఒక ఏడాది సముద్ర రవాణా ఖర్చు పెరిగిందని ఒక బయ్యరుకు 6 శాతం తగ్గించాం. రవాణా ఖర్చు మరుసటి ఏడాదే దిగింది. మా ధర మాత్రం నాలుగేళ్లు కిందనే ఉండిపోయింది. ఆ కాగితం రాసింది నేనే, అందులో గడువు పెట్టనిదీ నేనే. కాబట్టి ఇస్తే ఎంత ఇస్తున్నారో, ఏ నెల దాకా ఇస్తున్నారో, సుంకం 25కి దిగితే తగ్గింపు ఎలా తొలగుతుందో ఆ ఒప్పందంలోనే రాయించండి. మన రెండు దేశాల మధ్య చర్చలు నడుస్తూనే ఉన్నాయి. రష్యా చమురు పేరుతో వేసిన సగం తీసేసినా చాలు, మీ డబ్బా వాడికి 10 డాలర్లకు దిగుతుంది. అప్పుడు వియత్నాం వాడు 8 డాలర్ల 33 సెంట్లకు చెయ్యగలిగితేనే మీతో పోటీ.

దీనికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది, మీ తమ్ముడికి కూడా ఇది తట్టి ఉండదు. ఈ సుంకాలు చెల్లుతాయా లేదా అన్న కేసు అమెరికా సుప్రీంకోర్టులో ఉంది. అత్యవసర అధికారాల కోసం 1977లో చేసిన చట్టాన్ని చూపించి ఇంత పెద్ద సుంకాలు వెయ్యొచ్చా అన్నది వివాదం. కేసు వేసినవాళ్లలో పిల్లల ఆట వస్తువులు, చదువు పరికరాలు అమ్మే లెర్నింగ్ రిసోర్సెస్ అనే ఇల్లినాయ్ సంస్థ ఉంది. మీ పనికి దగ్గరి చుట్టమే. కింది కోర్టులు సుంకాలు చెల్లవన్నాయి, 2025 నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి, ఈ జవాబు రాసే నాటికి తీర్పు రాలేదు. ఒకవేళ కొట్టేసి, కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మంటే, ఆ డబ్బు చేరేది సుంకం కట్టిన దిగుమతిదారుకు, అంటే మీ బయ్యరుకు. మీరు 2 డాలర్లు తగ్గించి 6కి ఇచ్చారనుకోండి, దాని మీద వాడు కట్టే సుంకం 3 డాలర్లు, రేపు వాడికి ఆ 3 డాలర్లూ తిరిగొస్తాయి. మీ 2 డాలర్లు మాత్రం ఎవరూ ఇవ్వరు. అందుకని మీరు ఒక్క సెంటు తగ్గించినా, "సుంకం వాపసు వస్తే ఇదే నిష్పత్తిలో నాకు పంచాలి" అన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. వాడు పెద్దమనిషైతే సంతకం పెడతాడు. పెట్టనంటే, వాడు ఎలాంటివాడో డిసెంబరులోనే తెలిసిపోతుంది, అదీ మంచిదే.

మెయిల్ చివర్లో వాడు "ఇకమీదట డీడీపీ పద్ధతిలో పంపినా సరే" అన్నాడని రాశారు. సరేనని అనకండి. డీడీపీ అంటే సుంకంతో సహా వాడి గడప దాకా బాధ్యత మీది. ఓడ నెల రోజులు నీళ్ల మీద ఉండగా సుంకం మారితే ఆ దెబ్బ ఉదయగిరికి వస్తుంది.

దుబాయి మాట. ఆడపడుచు భర్త మీకు అన్నయ్య వరస, మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయినా వద్దు. సుంకం ఓడ ఎక్కిన రేవును బట్టి పడదు, వస్తువు నిజంగా ఎక్కడ తయారైందో దాన్ని బట్టి పడుతుంది. అట్టపెట్టె మార్చినంత మాత్రాన ఉదయగిరి గరిటె దుబాయి గరిటె కాదు. ఇలా దేశం మార్చి చూపే సరుకు మీద 40 శాతం సుంకం, దాని పైన జరిమానా అని 2025 జులై చివర్లో ఉత్తర్వు తెచ్చారు. పట్టుబడితే అక్కడ బయ్యరు, ఇక్కడ మీ ఎగుమతి కోడ్, మధ్యలో ఆయన కొలువు, మూడూ పోతాయి. ఆయనకు మర్యాదగా చెప్పండి: "అన్నయ్యా, పెట్టె మార్చే పని వద్దు. మా కిట్లు అక్కడి దుకాణాల్లో అమ్మిపెట్టగలరేమో చూడండి" అని. 2022 మే నుంచి దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంతో మనకు వాణిజ్య ఒప్పందం ఉంది. మన సరుకులో చాలాభాగానికి అక్కడ సుంకం లేదు.

ఇక తమ్ముడి సలహా. దాన్ని మీరు కోపంతో తోసేశారు. "వాడికి మనుషులు కనబడరు, డాలరు కనబడుతుంది" అని రాశారు. నాకు అతని మాటలో సగం సబబుగానే అనిపించింది. అతను చూడని తేడా ఏమిటంటే, మీ రెండు కిట్లూ ఒకటి కావు.

పడవ కిట్‌లో మీది అనదగ్గది గీసిన డిజైన్, కూర్చే కాగితం. ప్లైవుడ్ ఎక్కడైనా దొరుకుతుంది, లేజర్ మెషిన్ ఎక్కడైనా ఒకేలా కోస్తుంది. మీ ఫైల్ పంపితే వియత్నాంలో అరపూటలో నమూనా వస్తుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా, సుంకం ఉన్నా లేకపోయినా, అది ఎక్కడికైనా పోగల పని. వాడు నిజంగా వెళ్లిపోతే మీరు అడ్డుకోలేరు. ఊరికే పోనివ్వకుండా ఆ డిజైన్‌కు ధర కట్టడం తెలివైన పనే. ఒక డాలరు అంటే 88 రూపాయలు. ఇప్పుడు మీకు డబ్బాకు మిగిలేది 100. మీ ఒక్కరి లెక్కలో చూస్తే పెద్ద తేడా లేదు. కానీ డబ్బాకు 90 రూపాయల కూలి మీ మిద్దె నుంచి పోతుంది, మెషిన్ ఖాళీగా నిలబడుతుంది, దాని అప్పు మాత్రం నడుస్తుంది. పైగా ఎన్ని డబ్బాలు అమ్మాడో వాడు చెప్పిందే లెక్క. కాబట్టి ఆ దారి పట్టేటట్టయితే ఏడాదికి కనీసం ఇంత అని ముందే కట్టే షరతు పెట్టండి. అంతకన్నా ముందు ఒకటి అడగండి: ఆ ఫ్యాక్టరీ కనీసం ఎన్ని డబ్బాలకు ఆర్డరు తీసుకుంటుంది? మీ దగ్గర వాడు ఒక్కోసారి 600 డబ్బాలు తీసుకుంటున్నాడు. పెద్ద ఫ్యాక్టరీలు అంత చిన్న లాటుకు మెషిన్ ఆపి మార్చవు. పైగా పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకని అమ్మితే, ఫ్యాక్టరీ మారినప్పుడల్లా వాడు అమెరికా చట్టం ప్రకారం భద్రతా పరీక్షలు మళ్లీ చేయించాలి. బయ్యరు "పోతాను" అన్నంత సులువు కాదు పోవడం.

గరిటె కిట్ వేరే. మీరు 9 డాలర్లకు అమ్ముతున్నారు, సుమారు 790 రూపాయలు. అందులో చెక్క 70, చెక్కేవాళ్ల కూలి 240, ఆడవాళ్ల కూలి 80. నూటికి నలభై వంతులు మనుషుల చేతిదే. కూలి ఇంత ఉన్న వస్తువే ముందు తరలిపోతుందని ఎవరైనా అనుకుంటారు. నేను అలా అనుకోవడం లేదు. సగం చెక్కి ఆపడం అనే పని మెషిన్‌కు ఇచ్చేది కాదు. ఈనె ఎటు పోతోందో చూసి, కొత్తగా కత్తి పట్టినవాడి చేతిలో చెక్క చీలకుండా, సరిగ్గా ఆ మందం దగ్గర ఆపాలి. మీ దగ్గరి పెద్దాయన అన్నారని రాశారే, "ఎంత తియ్యాల్నో అందరికీ తెలుసు, ఎంత మిగల్చాల్నో నాకు తెలుసు" అని, అదే మీ సరుకు. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పేరుతో వియత్నాం అమ్మలేదు, చైనా అమ్మలేదు. ఆ పేరు మీ డబ్బా మీద ఎక్కడా లేదని మీరు పంపిన ఫొటోలో చూసి బాధపడ్డాను. బయ్యరు బ్రాండ్ ఒకటే ఉంది. ఆ చెక్కేవాళ్లు ఆ గుర్తింపు కింద అధీకృత వినియోగదారులుగా నమోదయ్యారో లేదో కనుక్కోండి. కాకపోతే దగ్గరుండి చేయించండి. బయ్యరుతో ఎంత పోట్లాడినా రాని బలం ఆ కాగితంతో వస్తుంది.

నన్ను ఏం చేస్తారని అడిగితే, పడవను బేరంలో పెట్టి గరిటెను నిలబెట్టుకుంటాను. పడవ కిట్‌కు మార్చి దాకా అర డాలరు తగ్గింపు, వాపసు వాక్యంతో సహా. గరిటె కిట్ ధరలో ఒక్క సెంటు మార్పు లేదు. వాడు పడవను వియత్నాంకు తీసుకుపోతే కనీస మొత్తం షరతుతో పోనిస్తాను. ఇందులో నష్టం ఉంది, దాచను. పడవ పోతే మూడు నాలుగు నెలలు ఎనిమిది మందికీ నిండుగా పని ఉండదు. గరిటె కిట్లు ఇప్పుడున్నదానికి రెట్టింపు అమ్ముడుపోతే తప్ప ఆ లోటు పూడదు, ముగ్గురు చెక్కేవాళ్లతో రెట్టింపు కాదు. కొత్తవాళ్లకు చెయ్యి తిరగడానికి ఏడాది పడుతుంది. మీరు వేరే లెక్క వేసుకుని, పడవనే పట్టుకుని నాలుగు నెలలు లాభం లేకుండా నెట్టుకొస్తానంటే అదీ తప్పు కాదు. కానీ ఎన్ని నెలలో ముందే కాగితం మీద రాసి మీవారికి చూపించండి. ఆయన బ్యాంకు బ్యాంకు అంటున్నది మీ మీద కోపంతో కాదు, ఆ అప్పు ఎటు పోతుందో అంతు తెలియక.

బ్యాంకు గురించి మీవారు చెప్పింది నిజం. సుంకాల దెబ్బ తిన్న ఎగుమతిదారుల కోసం రిజర్వు బ్యాంకు 2025 నవంబరు 14న కొన్ని సడలింపులు ఇచ్చింది. కొన్ని రంగాలకు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పడే కిస్తీలను వెనక్కి జరుపుకోవచ్చు. విదేశీ బయ్యరు నుంచి డబ్బు తెచ్చుకునే గడువును 9 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. మీ సరుకు హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకు వాడే అంకె) చీటీ మీద రాసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లండి. ఈ జాబితాలో ఇది ఉందా, పూచీ లేని అదనపు రుణం వస్తుందా అని రెండే ప్రశ్నలు అడగండి. ఒక్క వాయిదా తప్పక ముందే వెళ్లాలి, తప్పాక వెళితే అదే మనిషి వేరేగా మాట్లాడతాడు. ఇంకో సంగతి. పనివాళ్లు పది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇళ్ల దగ్గర చెక్కేవాళ్లు ఆ లెక్కలోకి వస్తారా రారా అని ఆడిటరుతో ఒకసారి తేల్చుకోండి.

పోస్టులో నేరుగా అమెరికా వాళ్లకు పంపే చిల్లర అమ్మకం పెంచుతానన్నారు. ఇప్పుడు తొందరపడొద్దు. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి ఆపిన బుకింగులు అక్టోబరు 15 నుంచి మళ్లీ మొదలుపెట్టింది, కానీ ఇన్వాయిస్ విలువ మీద 50 శాతం ఇక్కడే కట్టించుకుంటుంది. బయ్యరుకు 8 మీద పడే సుంకం మీకు చిల్లర ధర 28 మీద పడుతుంది. డబ్బాకు 14 డాలర్లు.

ఆ శ్రమను ఇటు తిప్పండి. విదేశీ బొమ్మల మీద మన ప్రభుత్వం వేసే సుంకం 2020లో 20 నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. బయటి కిట్లు మన పిల్లలకు ఖరీదయ్యాయి, ఆ చోటు ఖాళీగా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5కి దిగింది. అయితే పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మకు 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉండాలి. చేతివృత్తుల శాఖలో నమోదైన కళాకారుల సరుకుకు, భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకుకు అందులో మినహాయింపు ఉంది. గరిటె కిట్‌కు ఈ దారి దొరకొచ్చు, లేజర్ పడవకు దొరకదు, దానికి లైసెన్సు ఖర్చు వస్తుంది. ధర కూడా ఇక్కడ 790 చెల్లదు. డబ్బా సాదా చేసి, నూనె సీసా చిన్నది చేసి, 500 లోపు తేవాలి. మీవారు టీచరు కదా, ముందు వాళ్ల బడిలో ఒక శనివారం ఇరవై కిట్లు పిల్లల చేతికిచ్చి చూడండి. ఏ ముక్క దగ్గర ఆగిపోయారో ఆ పూటే తెలుస్తుంది. బయట ఆస్ట్రేలియా కూడా ఉంది. 2022 డిసెంబరు చివరి నుంచి అక్కడికి మన సరుకులో ఎక్కువభాగం సుంకం లేకుండా వెళ్తోంది. చెక్క కాబట్టి వాళ్ల క్వారంటైన్ నియమాలు మాత్రం కఠినం. యూరప్ జోలికి ఇప్పుడే వద్దు. 2024 డిసెంబరు నుంచి అక్కడ అమ్మే వస్తువు భద్రతకు పూచీ పడే బాధ్యుడు ఒకరు అక్కడే ఉండాలి.

మార్కాపురం వైపు చుట్టాలున్నారని రాశారు. వాళ్లనడగండి. మన తరం అక్షరాలు దిద్దింది అక్కడి రాతి పలక మీదే. ప్లాస్టిక్ పలక, నోటుపుస్తకం వచ్చాక పలక గిరాకీ పోయింది. రాయి మాత్రం గోడలకు, నేలలకు పరిచే పలకరాతి టైల్స్‌గా బయటి దేశాలకు వెళ్లింది. కానీ చెక్క చట్రాలు బిగించే చేతులకు ఆ టైల్స్‌లో చోటు దొరకలేదు. మీ మిద్దెలోని ఎనిమిది మంది గురించి ఆలోచిస్తుంటే నాకు ఆ చట్రాలు బిగించినవాళ్లే గుర్తొచ్చారు. అందుకే గరిటె పని పెరిగే కొద్దీ వాళ్లలో ఇద్దరినైనా లెక్కపెట్టే బల్ల దగ్గర నుంచి లేపి, ఆ పెద్దాయన దగ్గర కూర్చోబెట్టండి. ఆడవాళ్లు చెక్కరన్న మాట ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

వాళ్లకు చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు. కానీ ఉత్తరమంతా దాని చుట్టూనే ఉంది. చెప్పండి. ఆ నిద్ర పట్టని రాత్రి చీరల వల్ల వచ్చింది కాదు. కాలేజీ ఫీజు కట్టిన ఆ తల్లి మీ ధైర్యం చూసి నిర్ణయం తీసుకుంది, ఆ ధైర్యం వెనక ఏముందో ఆమెకు తెలియదు. రేపు జనవరిలో వారానికి నాలుగు రోజులే పని అని తెలిస్తే ఆమె ఇప్పుడే చీటీ పాడకుండా ఆగుతుంది, ఫీజు రెండో వాయిదాకు గడువు అడుగుతుంది. నెల ముందు తెలియడం కూడా ఆమెకు డబ్బుతో సమానం. ఇద్దరు ముగ్గురు వేరే పని చూసుకుంటారేమోనని మీకు భయం ఉండొచ్చు. చూసుకోవచ్చు. అది వాళ్ల హక్కు. ఉన్నవాళ్లు తెలిసి ఉంటారు. కూలి ఇంతకు తగ్గదు, రోజులు తగ్గొచ్చు, ఫలానా తేదీకి మళ్లీ చెబుతాను అని మూడు మాటలు అనండి. అంతకు మించి ధైర్యం చెప్పబోకండి.

తమ్ముడికి ఈ లెక్క కాగితం ఫొటో తీసి పంపండి. అతనికి 8 డాలర్లు, 12 డాలర్లు తెలుసు, 90 రూపాయలు తెలియదు. చూశాక బయ్యరుతో మాట్లాడే పని అతనికే అప్పగించవచ్చు. స్నేహితుడి ద్వారా కుదిరిన మనిషి కాబట్టి వాపసు వాక్యం సంగతి మీరు మెయిల్‌లో అడిగేదానికన్నా అతను ఫోన్‌లో అడిగితే బాగుంటుంది. డిసెంబరు 10 గడువన్నారు. 5వ తేదీకల్లా మీ జవాబు వాడికి చేరాలి. వాడు బేరం ఆడితే మళ్లీ లెక్క వేసుకోవడానికి ఆ అయిదు రోజులు మీ చేతిలో ఉంటాయి.